డిగ్రీ అయినంక ఏం జేయాలె? – దివ్యాంగులైన మన పిల్లల కొలువుల ముచ్చట

చిట్యాల మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి వసూళ్లు ఎంత అన్నది మా వీఓఏ రాసిచ్చింది. అది రిపోర్టుల అచ్చయితది, చదువుకోండి. మాకు ఇచ్చిన పావుగంటల వేరే ముచ్చట చెప్దామని వచ్చినం. కాళ్లో, కండ్లో, చెవులో సరిగ లేకున్నా కష్టపడి కాలేజీ దాక చదివిన పిల్లలు మన ఊర్లల్ల ఉన్నరు. పట్టా చేతికి వచ్చినంక వాళ్లు ఏమైతున్నరు? ఎక్కువ మంది ఇంటికొచ్చి కూసుంటున్నరు. ఆ కూసోబెట్టుడుల మన చెయ్యి కూడ ఉన్నదని చెప్పనీకే మేము నిలబడ్డం. మాది పదో తరగతి చదువు, తప్పులు మాట్లాడితే మన్నించండి.

మొదలు మేము చేసిన తప్పు చెప్తం.

మా సంఘంల ఒక అక్క బిడ్డ, పుట్టినప్పటి సంది చూపు తక్కువ. పుస్తకం ముక్కుకు ఆనిచ్చుకొని చదివేది. ఇంకా చిన్న అక్షరాలయితే చెల్లె చదివి వినిపిచ్చేది. అట్ల నల్లగొండల బీకాం పూర్తి చేసింది. 2021ల రిజల్టు వచ్చిన రోజు వాళ్లమ్మ ఇంటింటికి చక్కెర పంచింది. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు ఆ పిల్ల ఇంట్లనే ఉన్నది. ఒకనాడు సంఘం మీటింగుల ఆ అక్క, "దీని గతి ఏం జేద్దామే" అని ఏడ్చింది. ఏడిస్తే మనకు మనసు ఆగదు కదా. గంట సేపట్ల అందరం కలిసి తేల్చేసినం. కిరాణం పెట్టియ్యాలె, యాభై వేలు అప్పు రాయాలె. ఇంటి ముందరి అర్రల డబ్బా పెట్టుకుంటది, ఎండ లేదు, వాన లేదు, అడుగు బయట పెట్టే పని లేదు. మాకు అది మస్తు మంచి ఆలోచన లెక్క కనబడ్డది.

మొన్న ఈ ప్రసంగం రాసుకునేటప్పుడు ఆ తీర్మానం పుస్తకం తీసి చూసినం. తొమ్మిది సంతకాలు, ఒక వేలిముద్ర ఉన్నయి. ఆ పిల్ల పేరు అండ్ల ఎక్కడ లేదు. "ఫలానా సభ్యురాలి కూతురు, కండ్లు కనపడని పిల్ల" అని రాసినం. మేము కూసున్న అరుగుకు నాలుగిండ్ల అవతలనే ఉన్నది ఆమె. పిలిస్తే వినబడేంత దూరం. పిలవాలన్న సోయి మాకు ఒక్కరికి రాలె.

దుకాణం పద్నాలుగు నెలలు నడిచింది. నడిచిందంటే ఏం నడిచింది, నోటు కాడ దెబ్బ పడ్డది. కొత్త వంద నోటుకు, రెండు వందల నోటుకు పొడువుల తేడా నాలుగు మిల్లీమీటర్లు. చేతితోని తడిమి అది కనిపెట్టుడు తొందరల ఉన్నప్పుడు ఎవ్వరితోని అయితది? వంద ఇచ్చి రెండు వందలన్నోళ్లు ఉన్నరు. బయటోళ్లు కాదు, మన ఊరోళ్లే. రిజర్వు బ్యాంకు 2020లనే 'మని' అని ఒక యాప్ తెచ్చింది. నోటు ముందర ఫోన్ పెడితే అది ఎంత నోటో నోటితోని చెప్తది. ఆ సంగతి మాకు ఎరుకయ్యేటాళ్లకు దుకాణం మూత పడ్డది. మిగిలిన కిస్తీలు వాళ్లమ్మ పత్తి ఏరబోయి కట్టింది.

ఉన్న సామాను లెక్కపెట్టనీకి మేము నలుగురం పోయినం. పిల్ల మూలకు కూసోని ఉన్నది. అప్పుడు ఒక మాట అన్నది. "అత్తమ్మా, బీకాంల నాకు ఫస్టు క్లాసు వచ్చింది. ఉప్పు, చింతపండు అమ్మాలెనని నన్ను ఎవరు అడిగిండ్రు?" అన్నది. కోపం లేకుంట అన్నది. మాకు జవాబు దొరకలె.

గప్పటి సంది తిరుగుడు మొదలు పెట్టినం. ఎవరిని అడగాలెనో తెల్వదు. మండలాఫీసుల పెన్షన్ గురించి చెప్తరు, కొలువు గురించి అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటరు. మన నల్లగొండ జిల్లాల ఇది కొత్త ముచ్చట కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగినోళ్లను, కాళ్లు దొడ్డిపోయినోళ్లను చూసుకుంటనే మన అమ్మలు, అమ్మమ్మలు పెరిగిండ్రు. అందుకేనేమో మనకు అలవాటైపోయింది. అంగవైకల్యం అనంగనే సదరం క్యాంపు, పెన్షన్, మూడు చక్రాల బండి, ఈ మూడే యాదికొస్తయి. చదువుకున్నోళ్లకు ఇంకో తొవ్వ ఉంటదని మన ఊహలనే లేదు.

తిరుగంగ తిరుగంగ తెలిసినయి చెప్తం. కొంచెం ఓపిక పట్టి వినండి, ఇది మీ ఇంట్లకో, పక్కింట్లకో పనికొస్తది.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016ల చేసిండ్రు, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లకు వచ్చింది. అంతకుముందు 1995 చట్టం కింద ఏడు రకాల వైకల్యాలే లెక్కకు ఉండె. ఇప్పుడు 21. నలభై శాతం, ఆపైన ఉన్నట్టు డాక్టర్లు రాసిస్తే రిజర్వేషన్ వర్తిస్తది. సర్కారు కొలువుల్ల నూటికి నాలుగు. ఆ నాలుగు ఎట్ల పంచిండ్రంటే, చూపు లేనోళ్లకు, తక్కువున్నోళ్లకు ఒకటి. చెవులు వినబడనోళ్లకు ఒకటి. కాళ్లు చేతుల వైకల్యం, పొట్టితనం, కండరాల జబ్బు, యాసిడ్ దాడికి గురైనోళ్లు, కుష్ఠు నయమైనోళ్లు, వీళ్లందరికి కలిపి ఒకటి. ఆటిజం, బుద్ధి ఎదగనోళ్లు, మానసిక జబ్బు, చదువుడుల ఇబ్బంది, ఒకటికంటె ఎక్కువ వైకల్యాలు ఉన్నోళ్లకు కలిపి ఇంకొకటి. పెద్ద చదువుల సీట్లల్ల నూటికి ఐదు. మన రాష్ట్ర సర్కారు ఉద్యోగాలకు వయసు పరిమితి పదేండ్లు సడలిస్తరు. అంటే ముప్పై దాటింది, ఇంక అయిపోయిందని అనుకునే పని లేదు. ప్రైవేటు కంపెనీలకు ఈ రిజర్వేషన్ లేదు. అక్కడ పిల్లల నైపుణ్యం మీదనే పోవాలె.

ఇగ కాయిదాల సంగతి. సదరం సర్టిఫికెట్ మన అందరికి ఎరుకే, పెన్షన్ కోసం తీసుకునేది. కేంద్రం వాళ్లది యూడీఐడీ కార్డు అని వేరే ఉన్నది. కేంద్రం స్కాలర్‌షిప్పులకు, వాళ్ల నోటిఫికేషన్లకు అది అడుగుతున్నరు. అది తీసుకొని పెట్టుకోండి. ఇంకొక మాట. పదో తరగతి మెమోల ఒక పేరు, సదరంల ఒక పేరు, ఆధార్‌ల ఇంకొక పేరు ఉంటయి. ఇంటి పేరు ఒక దాంట్ల ముందు, ఒక దాంట్ల ఎనుక. పెన్షన్ కాడ అది నడుస్తది గని, కొలువు కాడ అదే అడ్డం పడ్తది. డిగ్రీ రెండో సంవత్సరంలనే ఇవన్ని ముందరేసుకొని చూసి సరిచేయించాలె. పట్టా వచ్చినంక మొదలు పెడితే ఏడాది దీనికే పోతది. మాకు పోయింది.

మాకు ఇంకొకటి కూడ పోయింది, అది చెప్పాలంటె ఇప్పటికీ సిగ్గనిపిస్తది. ఆ పిల్లకు ఒక ఉద్యోగ పరీక్ష పడ్డది. చూపు తక్కువ ఉన్నోళ్లు చెప్తుంటే రాయనీకి ఒక మనిషిని తీసుకపోవచ్చు, స్క్రైబు అంటరు. గంటకు ఇరవై నిమిషాల లెక్కన టైము కూడ ఎక్కువ ఇయ్యాలె. ఇది 2018ల కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలల్ల ఉన్నది. మేము ఏం జేసినం? మంచిగ రాయాలెనని, బాగ చదువుకున్నోడు కావాలెనని, వాళ్ల మేనమామ కొడుకును పంపినం. పిలగాడు డిగ్రీ పాసైండు. గేటు కాడ ఆపిండ్రు. అప్పటి రూలు ప్రకారం రాసేటోళ్ల చదువు, పరీక్ష రాయించేటోళ్ల చదువు కంటె ఒక మెట్టు తక్కువ ఉండాలెనట. డిగ్రీ పిల్లకు ఇంటర్ చదివినోళ్లు రావాలె ఉండె. అది అదే మార్గదర్శకాలల్ల రాసి ఉన్నది, మేము చదవలె. లోపలికి పోయినోళ్లు పోయిండ్రు, గేటు మూసిండ్రు. పొద్దున నాలుగింటికి లేచి పోయినోళ్లం, పదకొండింటికి అదే బస్సుల వాపసు వచ్చినం. బస్సుల ఆ పిల్ల, "పోనీ అత్తమ్మా, తొవ్వన్న తెలిసింది" అన్నది. మేమే ఏడ్చినం.

అందుకే చెప్తున్నం. దరఖాస్తు నెట్ సెంటర్ పిలగాని చేతిల పెట్టి చేతులు దులుపుకోవద్దు. వైకల్యం కాలం నింపిండా, స్క్రైబు కావాలెనని టిక్కు పెట్టిండా, పక్కన కూసోని అడగండి. నోటిఫికేషన్‌ల స్క్రైబు గురించి ఏం రాసిండ్రో ఎవరితోనన్న చదివించుకోండి. ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క తీరుగ ఉంటది.

ఆ తర్వాత హైదరాబాదు తొవ్వ పట్టినం. విద్యానగర్‌ల ఏటీఐ ఆవరణల కేంద్ర ప్రభుత్వానిది దివ్యాంగుల కోసం ఒక సెంటర్ ఉన్నది. ముందు వీఆర్‌సీ అనేటోళ్లు, ఇప్పుడు జాతీయ కెరీర్ సర్వీస్ సెంటర్ అంటున్నరు. అక్కడ పేరు నమోదు చేసుకోవచ్చు, ఏ పని సరిపోతదో చూసి చెప్తరు. బుద్ధి ఎదగని పిల్లలకైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల జాతీయ సంస్థ 1984 నుంచి ఉన్నది. ఇంత దగ్గర, రెండు గంటల బస్సు తొవ్వల ఉన్నయి. హైవే మన ఊరి నడుమ నుంచే పోతది. మనకే ఎరుక లేదు.

సంస్థల ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలె. ఉమ్మడి రాష్ట్రంల గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఈజీఎంఎం అని ఒక మిషన్ ఉండె. ఊర్ల పిల్లలకు శిక్షణ ఇచ్చి కంపెనీలల్ల పెట్టిచ్చేటోళ్లు. మనల పెద్ద అక్కలకు యాదుంటది. దాన్ని నడిపిన మీరా షెనాయ్ మేడం తర్వాత 2012ల హైదరాబాదుల యూత్ ఫర్ జాబ్స్ అని సంస్థ పెట్టింది, దివ్యాంగులైన యువత కోసమే. మూగ, చెవిటి పిల్లలు, కాళ్లు సరిగ లేని పిల్లలు పెద్ద పెద్ద దుకాణాలల్ల, హోటళ్లల్ల, ఆఫీసులల్ల పని చేస్తున్నరంటే ఇసొంటి వాళ్ల కష్టమే. తర్వాత కాలేజీల చదివే పిల్లల కోసం కూడ వేరే కార్యక్రమం పెట్టిండ్రు. వాళ్లు చేసే పనిల మాకు నచ్చింది ఏందంటే, పిల్లలకు నేర్పుడు ఒక్కటే కాదు, కంపెనీ వాళ్లకు కూడ నేర్పుతరు. చెవులు వినబడని పిలగానితోని ఎట్ల మాట్లాడాలె, పని ఎట్ల చెప్పాలె అన్నది పక్క కుర్చీలో కూసునేటోనికి తెల్వకపోతే పిలగాడు నెల కూడ ఉండడు.

2024 మే నెలల శ్రీకాంత్ అని హిందీ సినిమా వచ్చింది. ఫోన్ల కొంచెం కొంచెం చూసే ఉంటరు. అది నిజమైన మనిషి కథ. శ్రీకాంత్ బొల్లా, మచిలీపట్నం దిక్కు పల్లెటూరు, పుట్టుగుడ్డి. పదో తరగతి అయినంక సైన్సు చదవనియ్యమంటే కోర్టుకు పోయి గెలిచిండు. అమెరికాల ఎంఐటీ అనే పెద్ద కాలేజీల చదివి వచ్చి, హైదరాబాదుల కంపెనీ పెట్టి దివ్యాంగులకు పని ఇస్తున్నడు. మంచి ముచ్చటే, పిల్లలకు చూపియ్యండి. గని మాకు ఒక అనుమానం కూడ ఉన్నది. అది చూసి తల్లులు, "వాడంటే పుట్టుకతోని తెలివిగలోడు, మనోళ్లతోని ఏడయితది" అంటున్నరు. మన పిల్లలకు యాభై అయిదు, అరవై మార్కులు వస్తయి. అవి వచ్చిన మామూలు పిల్లలకు పని దొరుకుతలేదా? దొరుకుతున్నది. మేము అడిగేది గంతే.

మళ్లా ఆ బీకాం పిల్ల కాడికి వస్తం. పట్నంల ఒక శిక్షణ సంస్థ కాడికి తల్లి, బిడ్డ, మా సంఘం నుంచి ఇద్దరం పోయినం. అక్కడ మేడం పిల్లను ఏది అడిగినా తల్లి జవాబు చెప్తున్నది. తల్లి ఆగితే మేము చెప్తున్నం. మూడుసార్లు చూసింది ఆ మేడం. నాలుగోసారి నవ్వి, "అమ్మా, కొలువు మీకా, మీ బిడ్డకా? మీరు బయట చెట్టు కింద చాయ్ తాగండి" అన్నది. బయటికొచ్చినం గని మాకు చాయ్ దిగలె. అర్ధగంటకు పిల్ల బయటికి వచ్చింది. ముఖం వేరే ఉండె. ఏం అడిగిందే అంటే, "నీకు ఏం రాదు అని అడగలె అత్తమ్మా, ఏం వస్తదని అడిగింది" అన్నది. ఏం చెప్పినవ్ అంటే, లెక్కలు నోటితోని చేస్తనని, ఊర్ల ఎవరి ఫోన్ నంబరన్న చూడకుంట చెప్తనని చెప్పిందట. నిజమే, మా గ్రామ సంఘం సభ్యులందరి నంబర్లు ఆమె నోట్లనే ఉంటయి. మేము దాన్ని ఒక తమాషా లెక్క చూసినం ఇన్నేండ్లు.

మూడు నెలలు నేర్పిండ్రు. మన ఫోన్లల్లనే టాక్‌బ్యాక్ అని ఉంటది, సెట్టింగుల పెడితే తెర మీద ఉన్నదంత చదివి చెప్తది. దానికి పైసలు లేవు. కంప్యూటర్‌ల ఎన్‌వీడీఏ అని ఉన్నది, అది కూడ ఉచితమే. ఆస్ట్రేలియాల ఇద్దరు గుడ్డి పిలగాండ్లు 2006ల తమలాంటోళ్ల కోసం మొదలు పెట్టిన పని అది, ఇయ్యాల దునియా మొత్తం వాడుతున్నది. మీ ఊర్ల చూపు తక్కువున్న పిల్లలుంటే ఇయ్యాల సాయంత్రమే ఫోన్ల టాక్‌బ్యాక్ పెట్టి చూడండి. మొదలు మొదలు ఫోన్ ఒర్రుడు విని ఇంట్లోళ్లు తిడ్తరు, పట్టించుకోవద్దు.

కొలువు దొరికింది. ఒక కంపెనీల ఫోన్లు మాట్లాడే పని, పదమూడు వేల జీతం. ఊర్ల మళ్లా చక్కెర పంచినం. రెండు నెలలకు పిల్ల సంచి పట్టుకొని వాపసు వచ్చింది. పని రాక కాదు. ఉన్న హాస్టలోళ్లు, "మెట్ల మీద పడితే ఎవరు జిమ్మేదారి" అని కాళీ చేయమన్నరట. ఇసొంటిది ఏ శిక్షణల చెప్తరు? కొలువు సంపాయించుడు ఒక ఎత్తయితే, పట్నంల తల దాచుకునేది ఇంకొక ఎత్తు.

గప్పుడు మా గ్రామ సంఘం మీటింగుల ఒక పెద్దమ్మ, చదువు రాదు ఆమెకు, వేలిముద్రే, ఒక మాట అన్నది. "ఎల్బీనగర్ల, హయత్‌నగర్ల మన బిడ్డలు, కోడండ్లు ఎంతమంది లేరు? అందరం కలిసి ఫోన్లు జేయుండ్రి" అన్నది. కూసున్న కాడనే లెక్క తీసినం. మా ఒక్క ఊరి నుంచి పట్నంల ఉంటున్నోళ్లు ముప్పై ఇండ్లకు పైన తేలిండ్రు. మూడో రోజుకు అర్ర దొరికింది. ఉరుమడ్ల ఆడిబిడ్డ ఒకామె, నర్సు పని చేస్తది, ఆమె అర్రల ఇద్దరు ఉంటున్నరు. మొదటి వారం మా సంఘం నుంచి ఒకరి తర్వాత ఒకరం పోయి ఉన్నం. ఇంటి నుంచి బస్‌స్టాప్‌కు ఎన్ని అడుగులు, మోరీ ఎక్కడున్నది, ఏ మలుపు కాడ కుక్కలుంటయి, అన్ని నడిచి చూపిచ్చినం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఉచితం అయింది కాబట్టి మాకు పోయి వచ్చుడుకు భారం కాలె. మా దగ్గర శిక్షణ సంస్థ లేదు, కంపెనీ లేదు. పట్నంల ఊరికి ముప్పై ఇండ్లు ఉన్నయి. అవి ఏ సర్కారు దగ్గర లేవు.

అన్ని ఇట్లనే అయినయని చెప్తే అబద్ధం అయితది. చెవులు వినబడని ఒక పిలగాడు, డిగ్రీ అయింది, హైవే పొంట ఒక ఫ్యాక్టరీల ప్యాకింగ్ కాడ చేరిండు. చదువుకు తగ్గ పని కాదు అది. వేరేది చూస్తున్నం. ఇంకొక ఇంట్ల ఆడపిల్ల ఎంఏ చదివింది, చక్రాల కుర్చీ. తల్లి పంపనన్నది. "పట్నంల దానికి ఏమన్న అయితే మీరు వస్తరా" అని అడిగింది. మేము మూడుసార్లు పోయినం, నాలుగోసారి తలుపు తియ్యలె. ఆ తల్లిని తప్పు పట్టుడు మాతోని కాదు. ఇరవై నాలుగేండ్లు ఎత్తుకొని తిప్పిన మనిషి ఆమె. ఆమె భయం ఉట్టిది కాదు. దానికి మా దగ్గర ఇప్పటికి జవాబు లేదు, మీల ఎవరికన్న తెలిస్తే చెప్పండి.

పెన్షన్ ముచ్చట కూడ తల్లులు అడుగుతున్నరు. నెలకు 4016 రూపాయలు వస్తున్నయి, కొలువుల చేరితే పోతయేమోనని. దీని మీద ఊర్ల తలా ఒక మాట చెప్తరు. అరుగు మీద చెప్పింది నమ్మొద్దు. మండలాఫీసుల కాయిదం మీద రాసి అడగండి, జవాబు కూడ రాసియ్యమనండి. ఒకటి మాత్రం లెక్క వేసుకోండి. 4016 ఎక్కడ, పదమూడు వేలు ఎక్కడ? అది కాక ఆ పిల్ల ఇప్పుడు నెలకు రెండు వేలు తల్లికి పంపుతున్నది. మొన్న దసరాకు చీర తెచ్చింది. రంగు తానే ఎంచిందట, ఆ నర్సమ్మను అడిగి అడిగి.

చివరికి మన ఇంటి ముచ్చట ఒకటి, ఏపీఎం సారు ముందరనే చెప్తున్నం, కోపం చేసుకోవద్దు. పోయిన వానకాలం ఒక పాలిటెక్నిక్ పిలగాని కోసం మా ఊరి సంఘం భవనంల మీటింగ్ పెట్టినం. తండ్రి బండి మీద తీసుకొచ్చిండు. భవనానికి ఐదు మెట్లు. పిలగానికి చక్రాల కుర్చీ. అందరం లోపలికి పోయినం, పిలగాడు బయట యాప చెట్టు కింద ఉన్నడు. లోపల వాని శిక్షణ గురించి, వాని లాప్‌టాప్ కోసం వికలాంగుల సహకార సంస్థకు పెట్టే దరఖాస్తు గురించి గంట సేపు మాట్లాడినం, తీర్మానం రాసినం. బయటికి రాంగనే వాడు, "నా గురించేనా పెద్దమ్మా, ఏమని రాసిండ్రు?" అని అడిగిండు. మూడేండ్ల కింద ఆ బీకాం పిల్లకు చేసిందే మళ్లా చేసినం. ఇన్ని తిరిగి, ఇన్ని నేర్చుకొని కూడ.

ఆ రోజే పుస్తకం మళ్లా తెరిచి తీర్మానం కొట్టేసినం. వచ్చే వారం చెట్టు కిందనే మీటింగ్ పెట్టి, వాన్ని అడిగి, వాని సంతకంతోని కొత్తది రాసినం. మెట్ల పక్కన ర్యాంపు కోసం మేస్త్రిని పిలిచి కొలతలు తీయించినం. రెండు రోజుల పని అన్నడు. సిమెంటు, ఇటుక మా గ్రామ సంఘం పెట్టుకుంటది. మండల సమాఖ్య భవనం ముందర కూడ మెట్లే ఉన్నయి, పొద్దున లోపలికి వచ్చేటప్పుడు లెక్కపెట్టినం. దాని గురించి ఇయ్యాల మహాసభలనే తీర్మానం చేయాలని మా సంఘం అడుగుతున్నది.

ఇంకొక అడుగుడు ఉన్నది. ప్రతి గ్రామ సంఘం తమ ఊర్ల ఇంటర్, డిగ్రీ, పాలిటెక్నిక్ చదివే దివ్యాంగులైన పిల్లల పేర్లు వచ్చే నెల మీటింగ్ లోపల రాసి తేవాలె. పేర్లంటే పేర్లు. ఫలానా వాళ్ల కుంటి పిలగాడు, ఫలానామె మూగ పిల్ల అని రాసి తేవద్దు. పక్కన ఇంకో కాలం గీసి, ఆ పిల్ల ఏం కావాలనుకుంటున్నది అన్నది ఆ పిల్లనే అడిగి రాయండి.

ఆ బీకాం పిల్ల ఇప్పుడు బ్యాంకు క్లర్కు పరీక్షకు చదువుతున్నది. కొలువు చేసుకుంటనే రాత్రిళ్లు చెవిల తీగ పెట్టుకొని పాఠాలు వింటది. పరీక్షకు స్క్రైబు కావాలె. ముందుగాల నాలుగైదు ఆదివారాలు కలిసి కూసోని అలవాటు చేసుకోవాలె, లెక్క చెప్పంగనే తప్పు లేకుంట నింపాలె. ఇంటర్ చదివిన పిల్లలు, రాత మంచిగ ఉన్నోళ్లు, తాము అదే పరీక్ష రాయనోళ్లు, ఎవరింట్లనన్న ఉంటే భోజనాల టైముల మా వీఓఏ కాడ పేరు రాయించండి. బస్సు కిరాయి, పగటి తిండి మా సంఘం చూసుకుంటది.